వెతికితే దొరకాలి!

కొత్తగా పెళ్లయింది. చేతిలో ఉద్యోగం లేదు. వంటల కోర్సు చదవడానికి లండన్ వెళ్తున్న భార్యతో పాటు తనూ విమానమెక్కాడు షే బానన్. పగలంతా ఖాళీ. ఏదో ఒకటి చేయాలి కదా! భార్య పోగుచేసుకుంటున్న వంటకాల్లో తనకు కావలసింది చిటికెలో వెతుక్కునేలా ఓ చిన్న సాఫ్ట్‌వేర్ రాసిద్దామనుకున్నాడు. 2000ల మొదట్లో సంగతిది. నాలుగు రోజుల పనే అనుకున్నాడుగానీ తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ ప్రయత్నం 2004లో 'కంపాస్' అనే ప్రాజెక్టుగా, 2010లో 'ఎలాస్టిక్‌సెర్చ్' అనే సెర్చ్ ఇంజిన్‌గా మారింది. 2018లో ఆ కంపెనీ షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కాయి.

వంటల పుస్తకంలో ఓ మాట వెతకడం... అంత పెద్ద పనా? అవును. ఇంటర్నెట్‌లో ఏ సైటు తెరిచినా పైన ఓ మూల కనిపించే చిన్న సెర్చ్ పెట్టె వెనక శతాబ్దాల కథ ఉంది. అందులో పారిస్ సన్యాసులున్నారు, మాస్కో ఖగోళ శాస్త్రవేత్త ఉన్నాడు, కేంబ్రిడ్జి విదుషీమణి ఉంది. మన గోంగూర పప్పుకీ అందులో ఓ పేచీ ఉంది!

మొదటి పేజీ నుంచీ...

ఓ తెలుగు వంటల వెబ్‌సైటు ఉందనుకుందాం. అమ్మమ్మల కాలం నాటి వంటల నుంచి నిన్నమొన్నటి వంటల దాకా పది వేలు అందులో ఉన్నాయి. అవన్నీ ఉండేది డేటాబేస్‌లో. అంటే వరసలూ గడులూ ఉన్న పెద్ద పట్టిక అన్నమాట. ఒక్కో వంటకానికి ఒక్కో వరస. ఓ గడిలో పేరు, ఇంకో గడిలో కావలసిన పదార్థాలు, మరో గడిలో తయారుచేసే విధానం.

ఎవరో సెర్చ్ పెట్టెలో 'గోంగూర' అని కొట్టారు. సైటు తయారుచేసిన కుర్రాడికి మొదట తోచే ఉపాయం డేటాబేస్‌లోని 'లైక్' అనే ఆదేశం. 'ఎక్కడైనా సరే గోంగూర అన్న అక్షరాలు కనిపిస్తే ఆ వరస పట్టుకురా' అని దానర్థం. డేటాబేస్ బుద్ధిగా మొదటి వంటకం మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి పదివేలో వంటకం చివరి అక్షరం దాకా చదువుకుంటూ పోతుంది. వంద వంటకాలున్నప్పుడు తేడా తెలియదు. లక్షలయ్యేసరికి సైటు నత్తనడక నడుస్తుంది. పది మంది ఒకేసారి వెతికారంటే చతికిలబడుతుంది.

డేటాబేస్‌కి సొంతంగా సూచిక ఉండదా అంటే, ఉంటుంది. కానీ అది టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది. పేరు మొదటి అక్షరం తెలిస్తేనే పనికొస్తుంది. 'ఇంటి పేరు మధ్యలో ఎక్కడో 'పాటి' అని ఉంటుంది, వెతికి పెట్టు' అంటే డైరెక్టరీ మొత్తం తిరగేయాల్సిందే కదా! ఇదీ అంతే.

పుస్తకం చివరి పేజీలే మార్గం

దీనికి పరిష్కారం కంప్యూటర్ పుట్టక ముందే ఉంది. లావుపాటి పాఠ్యపుస్తకాల చివర నాలుగు పేజీల పదసూచిక ఉంటుంది గుర్తుందా? ఏ మాట ఏయే పేజీల్లో వచ్చిందో అందులో రాసుంటుంది. ఇలాంటి పనిని మహా యజ్ఞంలా చేసినవాళ్లు 13వ శతాబ్దం నాటి పారిస్ సన్యాసులు. 1230 ప్రాంతంలో హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ అనే మతగురువు ఆధ్వర్యంలో బైబిల్లోని మాటలకు సూచిక తయారుచేశారు. అందుకోసం ఐదు వందల మంది సన్యాసులు శ్రమించారని ప్రతీతి.

20వ శతాబ్దంలో ఆ పని యంత్రాల చేతికి వచ్చింది. ఇటలీకి చెందిన రాబర్టో బూసా అనే మతగురువు 1949లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశారు. సెయింట్ థామస్ అక్వినాస్ రచనలన్నింటికీ పదసూచిక తయారుచేయడానికి యంత్రాల సాయం అడిగారు. వాట్సన్ సరేనన్నారు. చిల్లుల కార్డులతో మొదలైన ఆ పని దశాబ్దాల తరబడి సాగి, 56 సంపుటాలుగా అచ్చయింది.

ఇప్పటి సెర్చ్ ఇంజిన్లన్నీ చేసేది అదే. మామూలుగా డేటాబేస్‌లో 'ఈ వంటకంలో ఈ మాటలున్నాయి' అని ఉంటుంది. దాన్ని తలకిందులు చేసి 'ఈ మాట ఈ వంటకాల్లో ఉంది' అని రాసిపెట్టుకుంటే చాలు. అందుకే దీన్ని 'ఇన్వర్టెడ్ ఇండెక్స్' అంటారు. 'గోంగూర' ఎదురుగా 12, 45, 310... 'పప్పు' ఎదురుగా 7, 45, 98, 310... 'గోంగూర పప్పు' అని అడిగితే రెండు జాబితాల్లోనూ ఉన్న 45, 310 నంబర్లు చటుక్కున బయటికొస్తాయి. వంటకాల్లో ఒక్క అక్షరం కూడా అప్పటికప్పుడు చదవక్కర్లేదు!

తేడా ఎంతో చెప్పే ఓ లెక్క ఉంది. స్మార్ట్‌ఫోన్లన్నింట్లో ఉండే 'ఎస్‌క్యూలైట్' అనే బుల్లి డేటాబేస్ తయారీదారులు తమ పత్రాల్లో దీన్ని ఇచ్చారు. 2001లో దివాలా తీసిన అమెరికా కంపెనీ ఎన్రాన్ ఉద్యోగుల ఈ-మెయిళ్లు విచారణ సందర్భంగా బహిరంగమయ్యాయి. అందులోని 5,17,430 ఉత్తరాలను డేటాబేస్‌లో పెట్టి 'లైనక్స్' అన్న మాట వెతికారు. 'లైక్' ఆదేశంతో పట్టిన సమయం 22.5 సెకన్లు. ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌తో 0.03 సెకన్లు. అంటే 750 రెట్లు వేగం!

ఊరికే రాలేదు ఆ వేగం. 1,453 మెగాబైట్లున్న పట్టిక, సూచికతో కలిపి 2,006 మెగాబైట్లయింది. చోటు ఖర్చుపెట్టి సమయం కొనుక్కోవడం అన్నమాట.

ఉప్పుకి విలువ లేదు!

దొరకడం ఒక ఎత్తు. దొరికినవాటిలో ఏది ముందు చూపించాలన్నది ఇంకో ఎత్తు. 'చింతచిగురు పప్పు ఉప్పు' అని వెతికితే ఉప్పు లేని వంటకం ఎక్కడుంటుంది? పది వేలూ వచ్చి మీద పడతాయి. ఇందులో అసలు ముఖ్యమైన మాట చింతచిగురు అని మనిషికి తెలుసు. కంప్యూటర్‌కి ఎలా తెలియాలి?

ఆ గుట్టు విప్పింది కేరెన్ స్పార్క్ జోన్స్. ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో 1935లో పుట్టిన ఆమె కేంబ్రిడ్జిలో చదివింది చరిత్ర, తత్వశాస్త్రం. కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పింది. తరవాత కంప్యూటర్లకు మనిషి భాష నేర్పే పరిశోధనలోకి వచ్చింది. 1972లో ఆమె రాసిన ఓ పరిశోధన పత్రంలోని సూత్రం వినడానికి చాలా చిన్నది. ఎన్ని ఎక్కువ పత్రాల్లో కనిపిస్తే ఆ మాటకి అంత తక్కువ విలువ, ఎంత అరుదుగా కనిపిస్తే అంత ఎక్కువ విలువ. అంతే! ఉప్పు విలువ దాదాపు సున్నా. చింతచిగురు విలువ ఆకాశమంత.

ఆ ఆలోచన పునాదిగా స్టీఫెన్ రాబర్ట్‌సన్, ఆయన సహచరులు లండన్ సిటీ యూనివర్సిటీలో 1990లలో 'బీఎం25' అనే కొలమానాన్ని రూపొందించారు. ఒకే మాటను ఇరవైసార్లు రాసినంత మాత్రాన ఇరవై రెట్లు మార్కులు పడవు. పది పేజీల పత్రంలో ఓసారి కనిపించిన మాట కన్నా పది లైన్ల పత్రంలో కనిపించినదానికే ఎక్కువ విలువ. ఇప్పటికీ ఎన్నో సెర్చ్ ఇంజిన్లు లెక్కలు కట్టేది ఈ పద్ధతిలోనే. అంతటి పనిచేసిన స్పార్క్ జోన్స్ కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్ అయింది మాత్రం 1999లో, అరవై దాటాక! కంప్యూటర్ల రంగాన్ని మగవాళ్లకే వదిలేస్తే కుదరదని చెబుతుండే ఆమె 2007లో కన్నుమూసింది.

అందరికీ అందిందిలా...

ఈ విద్య చాన్నాళ్లు విశ్వవిద్యాలయాల్లోనూ పెద్ద కంపెనీల్లోనూ ఉండిపోయింది. దాన్ని వీధిలోకి తెచ్చినవాళ్లలో డగ్ కటింగ్ ఒకరు. 1990ల చివర్లో ఆయన ఓ సెర్చ్ సాఫ్ట్‌వేర్ రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చంటూ బయటపెట్టారు. దానికి భార్య మధ్య పేరే పెట్టారు... లూసీన్! తరవాత చేసిన మరో సాఫ్ట్‌వేర్‌కి కొడుకు ఆడుకునే ఏనుగు బొమ్మ పేరు పెట్టారు. అదే హడూప్. షే బానన్ భార్య వంటకాల కోసం తీసుకున్నదీ లూసీన్‌నే. దాన్ని వాడటం కష్టంగా ఉందని, తేలిక చేయబోయి ఎలాస్టిక్‌సెర్చ్ దాకా వెళ్లారు.

డేటాబేస్‌లు మాత్రం ఊరుకుంటాయా! పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌కి ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌ను అమర్చిన ఇద్దరిలో ఒలెగ్ బార్టునోవ్ ఒకరు. వృత్తిరీత్యా ఆయన మాస్కోలో ఖగోళ శాస్త్రవేత్త. ఆయన, తియోదర్ సిగాయెవ్ కలిసి విడిగా రాసిన ఆ భాగం 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో అంతర్భాగమైంది. మైఎస్‌క్యూఎల్‌లో ఫుల్ టెక్స్ట్ సదుపాయం అంతకుముందే ఉంది.

అయితే ఈ సదుపాయాలకు వాటి తిక్కలు వాటికుంటాయి. మైఎస్‌క్యూఎల్‌లోని పాత పట్టికల పద్ధతి నాలుగక్షరాల కన్నా చిన్న మాటల్ని మామూలుగా లెక్కలోకి తీసుకోదు. ఇంగ్లిష్ వంటల సైటులో 'ఎగ్' అని వెతికితే ఒక్క గుడ్డూ దొరకదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో అది మూడక్షరాలే! ఇంకో తమాషా ఏమిటంటే, మామూలు సెర్చ్‌లో సగానికి సగం వరసల్లో ఉన్న మాటనూ అది పట్టించుకోదు. కొత్తగా నేర్చుకునే కుర్రాడు పరీక్ష కోసం మూడు అన్నం వంటకాలు పెట్టి 'రైస్' అని వెతుకుతాడు. ఫలితాలు సున్నా! తప్పెక్కడుందో తెలియక రాత్రంతా జుట్టు పీక్కుంటాడు. తప్పు ప్రోగ్రాములో లేదు, వంటకాలు చాలకపోవడంలో ఉంది.

గోంగూరా? పుంటికూరా?

ఇంతవరకూ కథ సాఫీగానే ఉంది. తెలుగులోకి వచ్చేసరికే వస్తుంది అసలు చిక్కు.

ఇంగ్లిష్‌లో మాట చివర మార్పులు తక్కువ. వాటిని కత్తిరించి మూలపదం పట్టుకునే సూత్రాలను మార్టిన్ పోర్టర్ 1980లోనే ప్రచురించారు. మరి తెలుగులో? పప్పులో, పప్పుతో, పప్పుకి, పప్పుని, పప్పులు, పప్పులోకి... ఒక్క పప్పుకి ఎన్ని రూపాలు! సూచికలో ఇవన్నీ వేరువేరు మాటలే. 'పప్పు' అని వెతికినవారికి 'పప్పులో' అని మాత్రమే రాసిన వంటకం దొరకదు.

చివరి 'లో', 'లు'లను కత్తిరిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అప్పుడు 'కిలో' కాస్తా 'కి' అవుతుంది. 'పాలు' కాస్తా 'పా' అయి కూర్చుంటుంది! 'పచ్చడి' బహువచనంలో 'పచ్చళ్లు' అవుతుంది, 'పండు' 'పళ్లు' అవుతుంది. ఆ పళ్లు తినేవో నమిలేవో మళ్లీ సందేహమే.

ఇక సమాసాలు. 'వంకాయ' అని వెతికితే 'గుత్తివంకాయ' రాదు. సూచిక దృష్టిలో అది పూర్తిగా వేరే మాట. నత్తనడక నడిచే పాత 'లైక్' ఆదేశానికి మాత్రం ఇది దొరికేస్తుంది! ఇక 'గుత్తొంకాయ' అని రాస్తే రెండూ చేతులెత్తేస్తాయి. 'మామిడిపండు' అని కలిపి రాసినవారికి, 'మామిడి పండు' అని విడదీసి రాసినవారి వంటకం అందదు.

ఊరు మారితే పేరూ మారుతుంది. కోస్తాలో గోంగూర అంటే తెలంగాణలో పుంటికూర. ఒకరి సొరకాయ మరొకరికి ఆనపకాయ. టొమాటో, టమాటా, టమోటా... ఎవరి రాత వారిదే. సెర్చ్ పెట్టె ఒక్క ప్రాంతం మాటే వింటే, రెండో ప్రాంతంవాళ్లకి సైటులో తమ వంటలే లేనట్టు కనిపిస్తుంది.

కంటికి కనిపించని చిక్కూ ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట'కారప్పొల్లు 'వే'తో కలిసిపోకుండా మధ్యలో ఓ గుప్త సంకేతం పెడతారు. తెరమీద దానికి రూపం ఉండదు. కానీ కంప్యూటర్‌కి అదీ ఓ అక్షరమే. అది ఉన్న మాట, లేని మాట వేరు వేరు. అందుకే సూచికలోకి ఎక్కించే ముందు మాటల్ని శుభ్రం చేసి ఒకే తీరుకి తేవాలి. కూర తరిగే ముందు కడిగినట్టు!

అసలు తెలుగుకి ఈ అవకాశం రావడమే ఆలస్యమైంది. ప్రపంచ భాషలన్నింటికీ ఒకే సంకేతాల వ్యవస్థగా 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు దక్కింది. కానీ అది వాడుకలోకి రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా ఎవరి ఫాంటు వారిదే. తెరమీద తెలుగే కనిపించేది, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండేవి. అలా దాచిన తెలుగు రాతల్ని యూనికోడ్‌లోకి మార్చకపోతే ఏ సెర్చ్ పెట్టే వాటిని వెతకలేదు. కంప్యూటర్‌లో ఉండీ లేనట్టే.

దారులు లేకపోలేదు

చిక్కులున్నాయని వదిలేయక్కర్లేదు. మాటల్ని మూడేసి అక్షరాల ముక్కలు చేసి సూచిక కట్టడం ఓ దారి. 'గుత్తివంకాయ'లో 'వంకాయ' ముక్కలు కూడా ఉంటాయి కాబట్టి అప్పుడది దొరుకుతుంది. చిన్నచిన్న అక్షరదోషాలనూ ఇది క్షమిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకు ప్రత్యేక అనుబంధం ఉంది. పదాల మధ్య ఖాళీలు వదలని చైనీస్, జపనీస్ లాంటి భాషల కోసం మైఎస్‌క్యూఎల్‌లోకి 2015లో ఇలాంటి ఏర్పాటే వచ్చింది. ఎస్‌క్యూలైట్‌లోకి 2020లో వచ్చింది. సూచిక బరువు పెరుగుతుంది, అనవసరపు ఫలితాలూ కొన్ని వస్తాయి. అయినా అసలే దొరక్కపోవడం కన్నా నయం.

పర్యాయపదాల పట్టిక పెట్టుకోవడం రెండో దారి. గోంగూర, పుంటికూర ఒకటేనని ఓసారి చెప్పి ఉంచితే చాలు. ఇది ఏ యంత్రమూ దానంతటది చేసి పెట్టేది కాదు. రెండు ప్రాంతాల వంటిళ్లూ తెలిసిన మనిషి కూర్చుని రాయాల్సిందే. లూసీన్‌లోనూ ఇప్పుడు హిందీ, బెంగాలీలతో పాటు తెలుగు మాటల్ని సరిచేసి, ప్రత్యయాలను తొలగించే భాగం ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సహా వికీపీడియాలన్నీ 2014 నాటికి ఎలాస్టిక్‌సెర్చ్ ఆధారిత వెతుకులాటకు మారాయి. వంటకాల కోసం మొదలైన పని అలా తెలుగు విజ్ఞాన సర్వస్వం దాకా వచ్చింది!

పేర్ల సంగతి ఇంకా పాతది. ఒకేలా పలికే పేర్లను ఒకే సంకేతం కిందికి తెచ్చే 'సౌండెక్స్' పద్ధతికి అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లోనే పేటెంట్ పొందారు. 'శ్రీనివాస్', 'శ్రీనివాసు', 'సీనివాస్' ఒకరేనని గుర్తించాలంటే ఇలాంటిదేదో కావాలి. వంటకం దొరక్కపోతే ఆ పూట ఇంకోటి వండుకుంటాం. కానీ ఓటర్ల జాబితాలోనో, భూమి రికార్డులోనో, ఆసుపత్రి చీటీల్లోనో పేరు దొరక్కపోతే? పొల్లు తేడాకి 'మీ పేరు లేదు' అన్న జవాబు వస్తే? అప్పుడు తెలుస్తుంది ఆ చిన్న పెట్టె విలువ.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

సెర్చ్ పెట్టె పెట్టేశాం, పనైపోయింది అనుకుంటే పొరపాటే. కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలంటారు ఈ పని తెలిసినవాళ్లు.

* సైటు చిన్నదైతే డేటాబేస్‌లోని సదుపాయమే చాలు. వేరే సెర్చ్ ఇంజిన్ పెడితే దాన్ని చూసుకోవడానికి వేరే మనిషి కావాలి. ఎలుక కోసం ఏనుగుని తేవక్కర్లేదు.

* విడిగా సెర్చ్ ఇంజిన్ పెడితే ఒకే సమాచారం రెండుచోట్ల ఉంటుంది. డేటాబేస్‌లో వంటకాన్ని మార్చినా, తీసేసినా సూచికలోనూ వెంటనే మారాలి. లేకపోతే తీసేసిన వంటకం దెయ్యంలా ఫలితాల్లో కనిపిస్తూనే ఉంటుంది. నొక్కితే మాత్రం ఖాళీ పేజీ!

* ఎవరు ఏది చూడొచ్చన్న నియమం సెర్చ్‌కీ వర్తించాలి. పత్రం తెరవడానికి అనుమతి లేకపోయినా, ఫలితాల్లో కనిపించే రెండు లైన్ల ముక్కలోనే గుట్టంతా బయటపడే ప్రమాదం ఉంది.

* సూచిక పాడైనా కంగారుపడక్కర్లేదు, డేటాబేస్ నుంచి మళ్లీ కట్టుకోవచ్చు. డేటాబేసే పాడైతే మాత్రం సూచిక ఆదుకోలేదు. అసలు పత్రాలకు నకలు ఎప్పుడూ దాచుకోవాలి.

* జనం ఏం వెతికారు, ఏది దొరక్క వెనుదిరిగారు అన్నది వారానికోసారైనా చూడాలి. 'పుంటికూర - ఫలితాలు సున్నా' అన్న ఒక్క లైను చాలు, పట్టికలో చేర్చాల్సిన మాటేదో చెప్పడానికి.

ఎనిమిది శతాబ్దాల కిందట సన్యాసులు చేసిన పనినే ఇవాళ చేతిలోని ఫోను రెప్పపాటులో చేస్తోంది. అయితే ఏ మాటకి ఏ మాట చుట్టమో చెప్పాల్సింది మాత్రం ఇంకా మనుషులే. ఆ చుట్టరికాలు రాసిపెట్టుకున్న భాషలోనే వెతికితే దొరుకుతుంది. లేదంటే అమ్మమ్మ చెప్పిన గుత్తొంకాయ కూర డేటాబేస్‌లో భద్రంగానే ఉంటుంది, మనవరాలికి మాత్రం ఎప్పటికీ కనిపించదు.

అన్నట్టు... ఇంత చేసిన షే బానన్ తన భార్యకు రాసిస్తానన్న ఆ వంటల సాఫ్ట్‌వేర్ ఏమైనట్టు? అది మాత్రం పూర్తికాలేదట. ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉందని ఎలాస్టిక్‌సెర్చ్ మిత్రులు సరదాగా చెప్పుకుంటుంటారు!